దిగిన పాదం చెప్పే సంగతి: నెట్‌బాల్ నియమాలు, క్రీడాకారుల పాదాల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో కొన్ని నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్‌ను పోలి, బంతిని ఒకరికొకరు విసురుకుంటూ ఎత్తైన పోస్టుపైని వలయంలో వేసే ఆట) నియమాలను గురించి, మరికొన్ని ఆ ఆట ఆడేవారి పాదాల బాధలను గురించి అడిగినవి. వాటిని రెండు సంచికలలో విడివిడిగా ప్రచురించాలని మొదట అనుకున్నాము. అయితే ఈ ఆటలో అంపైర్ ఈల మోగినా, చీలమండ బెణికినా ఎక్కువసార్లు అది బంతి అందుకొని నేలపై దిగే క్షణంలోనే జరుగుతుంది. అందువల్ల ఈ ఉత్తరాలను పక్కపక్కనే ఉంచి జవాబులు రాస్తున్నాము.

ప్రశ్న: నేను చాలా కాలం బాస్కెట్‌బాల్ ఆడి, ఈ మధ్యనే నెట్‌బాల్ జట్టులో చేరాను. బంతి అందిన ప్రతిసారీ అంపైర్ నా అడుగులు తప్పని ఈల వేస్తున్నారు. ఒక అడుగు వేయవచ్చునని కొందరు, అసలు కదలకూడదని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైనది? – కొత్తగా చేరిన క్రీడాకారిణి

జవాబు: మీకు చెప్పిన రెండు మాటలూ పూర్తిగా సరైనవి కావు. అడుగులను లెక్కపెట్టడం మానేసి, బంతి చేతికి వచ్చినప్పుడు ఏ పాదం నేలపై ముందుగా ఆనిందో దాన్ని గుర్తు పెట్టుకోండి. దానినే దిగిన పాదం అందాము. రెండవ పాదంతో మీరు ఎటువైపైనా, ఎన్నిసార్లయినా అడుగు వేస్తూ, దిగిన పాదాన్ని ఇరుసుగా చేసుకొని తిరగవచ్చు. దిగిన పాదాన్ని పైకి ఎత్తవచ్చు కూడా. కానీ ఎత్తిన ఆ పాదం తిరిగి నేలను తాకేలోగా బంతి మీ చేతిని వదలి వెళ్లాలి. రెండు పాదాలతో ఒకేసారి దిగినట్లయితే వాటిలో ఏది కదపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. మొదట ఒక పాదాన్ని కదిపిన మరుక్షణం నుంచి మిగిలినది దిగిన పాదమవుతుంది.

చేయకూడనివి మూడు ఉన్నాయి. దిగిన పాదాన్ని నేల మీద ఈడ్చకూడదు, జార్చకూడదు. బంతి చేతిలో ఉండగా ఒంటికాలిపై గెంతకూడదు. రెండు పాదాలతో పైకి ఎగిరి, బంతి వదలకుండానే మళ్లీ రెండు పాదాలతో దిగకూడదు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవారు ఎక్కువగా మొదటి దానిలోనే దొరికిపోతారు. బంతి అందిన ఊపును ఆపుకోవడానికి వెనుక పాదం కొద్దిగా జారడం వారికి అలవాటైపోయి ఉంటుంది. ఆ సంగతి వారికే తెలియదు కాని అంపైర్‌కు స్పష్టంగా కనిపిస్తుంది. దానికి శిక్షగా ప్రత్యర్థులకు ఫ్రీ పాస్, అంటే తప్పు జరిగిన చోటి నుంచి బంతి విసిరే అవకాశం, లభిస్తుంది.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు కొంత ఊరట కలుగుతుంది. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించినప్పుడు ఆ ఆటలో కూడా బంతితో పరుగెత్తకూడదు, బంతి అందిన చోటు నుంచే విసరాలి. బంతిని నేలకు కొడుతూ సాగే పద్ధతి అందులోకి తరువాత వచ్చింది. ఆ తొలి బాస్కెట్‌బాల్ నుంచి ఇంగ్లండ్‌లోని మహిళా వ్యాయామ కళాశాలలలో రూపుదిద్దుకొన్న నెట్‌బాల్, 1901లో తన నియమాలను క్రోడీకరించుకున్నప్పటికీ, ఆ పాత కట్టుబాటును మాత్రం వదులుకోలేదు. అంటే మీరిప్పుడు నేర్చుకుంటున్నది మీకు తెలిసిన ఆటకే ఉన్న తొలి రూపం.

సాధన ఇలా చేయండి. బంతి లేకుండా మెల్లగా పరుగెత్తుతూ వచ్చి, ఒక పాదంపై దిగి, ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో గట్టిగా పలకండి. రెండవ పాదాన్ని ముందుకు వేసి నిలదొక్కుకోండి. రెండు వారాల పాటు రోజూ పది నిమిషాలు ఇలా చేసిన తరువాతే బంతి పట్టుకోండి. పలకడం పిల్లచేష్టగా అనిపించవచ్చు, కానీ ఏ పాదంపై దిగామో గమనించే అలవాటు మరే మార్గంలోనూ ఇంత త్వరగా అబ్బదు.

ప్రశ్న: నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పిల్లలకు నెట్‌బాల్ నేర్పి, వారి ఆటలకు నేనే అంపైర్‌గా నిలబడవలసి ఉంది. నియమాల పుస్తకం తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఏది ముందు, ఏది తరువాత? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: పుస్తకం క్రమాన్ని అనుసరించి నేర్పకండి. అది వివాదం వచ్చినప్పుడు చూసుకోవడానికి రాసినది, నేర్చుకోవడానికి రాసినది కాదు. మా సలహా ప్రకారం మొదటి రోజు పాదాల నియమం, దానితోపాటు బంతిని మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదన్న నియమం మాత్రమే చెప్పి, చిన్న వలయాలుగా నిలబెట్టి పాస్‌లు వేయించండి. ఈ రెండూ కుదిరితే ఆట దానంతట అదే నడుస్తుంది.

తరువాత పిల్లలను కోర్టు మీదకు తీసుకువెళ్లి, గీతల వెంబడి నడిపించండి. కోర్టు పొడవు 30.5 మీటర్లు, వెడల్పు 15.25 మీటర్లు. పొడవును రెండు అడ్డగీతలు మూడు సమభాగాలుగా విడదీస్తాయి. రెండు చివరలా 4.9 మీటర్ల వ్యాసార్థంతో అర్ధవృత్తాలుంటాయి, వాటినే గోల్ సర్కిళ్లంటారు. గోల్ పోస్టు ఎత్తు 3.05 మీటర్లు, వెనుక బోర్డు ఉండదు. జట్టుకు ఏడుగురు. గోల్ షూటర్ తాను గోల్ చేసే చివరి భాగంలోనే ఉండాలి. గోల్ అటాక్ ఆ భాగంతో పాటు మధ్య భాగంలో కూడా తిరగవచ్చు. వింగ్ అటాక్‌కు అవే రెండు భాగాలు, కానీ గోల్ సర్కిల్‌లోకి ప్రవేశం లేదు. సెంటర్ రెండు గోల్ సర్కిళ్లు తప్ప కోర్టంతా తిరగవచ్చు. కాపాడుకునే వైపు వింగ్ డిఫెన్స్, గోల్ డిఫెన్స్, గోల్ కీపర్ అనే ముగ్గురికి ఇదే అమరిక అద్దంలో బొమ్మలా తిరగబడి వర్తిస్తుంది. గోల్ చేసే హక్కు గోల్ షూటర్, గోల్ అటాక్ అనే ఇద్దరికే ఉంటుంది, అది కూడా సర్కిల్ లోపలి నుంచే. తనది కాని భాగంలో నేలను తాకితే ఆఫ్‌సైడ్ అవుతుంది. గీత మాత్రం రెండు భాగాలకూ చెందినదే కనుక గీత తొక్కిన పిల్లను తప్పుపట్టకండి. అవతలి భాగంలో గాలిలో ఉన్న బంతిని, పాదం తన భాగంలోనే ఉంచుకొని, చేయి చాచి అందుకోవచ్చునని కూడా చెప్పండి.

ఇక మీరు అంపైర్‌గా ఎక్కువ శ్రద్ధతో చూడవలసినది దూరం. బంతి పట్టుకున్న క్రీడాకారిణిని అడ్డుకునేవారు కనీసం 0.9 మీటర్ల దూరంలో నిలబడాలి. ఈ దూరాన్ని చేతుల మధ్య కాని, శరీరాల మధ్య కాని కొలవరు. బంతి ఉన్నవారి దిగిన పాదం నుంచి, అడ్డుకునేవారి దగ్గరి పాదం వరకు నేల మీద కొలుస్తారు. కాబట్టి మీ చూపు కూడా ముందు నేల మీద, తరువాత చేతుల మీద ఉండాలి. కొత్త అంపైర్లు బంతినే చూస్తూ పాదాలను వదిలేస్తారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. కొలతకు గుర్తుగా 0.9 మీటర్ల కర్రను కోర్టు పక్కన ఉంచి, పిల్లల చేత వారి అడుగులతో ఆ దూరాన్ని పదేపదే కొలిపించండి.

ఒకరిని తాకి ఆటకు అడ్డుపడినా, దూరం పాటించకపోయినా పెనాల్టీ పాస్ ఇవ్వాలి. సర్కిల్ లోపల గోల్ షూటర్‌కు లేదా గోల్ అటాక్‌కు అయితే పాస్ వేయాలో, గోల్‌కు విసరాలో ఎంచుకునే అవకాశం ఉంటుంది. తప్పు చేసినవారు బంతి విసిరేవారి పక్కన నిలబడి, బంతి చేయి దాటేవరకు ఆటలో కలుగజేసుకోకూడదు. తమ తప్పుకు తామే పక్కన నిలబడే ఈ పద్ధతిని పిల్లలు చక్కగా అర్థం చేసుకుంటారని మీరే చూస్తారు. బంతిని ఒక భాగం మొత్తం మీదుగా, మధ్యలో ఎవరూ తాకకుండా విసరకూడదన్న నియమాన్ని, సెంటర్ పాస్‌ను (ఆట మొదలుపెడుతూ కోర్టు నడుమ నుంచి సెంటర్ వేసే పాస్‌ను) మధ్య భాగంలోనే అందుకోవాలన్న నియమాన్ని చివరగా, ఆట ఆడిస్తూనే చెప్పవచ్చు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఆడాలన్నది పెద్దల ఆటకు సంబంధించినది. చిన్నపిల్లలను అంతసేపు ఆడించవద్దు.

ప్రశ్న: ప్రతి మ్యాచ్ తరువాత నా మునిగాళ్ల మీద, మడమ వెనుక బొబ్బలు లేస్తున్నాయి. పరుగు కోసం కొన్న మంచి బూట్లే వేసుకుంటున్నాను. మందంగా ఉండాలని రెండు జతల నూలు సాక్సులు కూడా వేసుకుంటున్నాను. అయినా తగ్గడం లేదు. – వింగ్ అటాక్‌గా ఆడుతున్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలోనే కారణం కూడా ఉంది. బొబ్బ అనేది పైపై రాపిడి వల్ల మాత్రమే రాదు. చర్మం సాక్సుకు అతుక్కొని ఉండిపోగా, లోపలి ఎముక ముందుకూ వెనుకకూ కదులుతుంది. ఆ లాగుడు వందలసార్లు జరిగేసరికి చర్మపు పొరల మధ్య చీలిక ఏర్పడి అందులో నీరు చేరుతుంది. చెమట చర్మాన్ని మెత్తబరచి ఈ పనిని సులభం చేస్తుంది. నూలు సాక్సు చెమటను పీల్చుకొని తడిగానే ఉండిపోతుంది. మీరు రెండు జతలు వేసుకోవడం వల్ల బూటు బిగుతై, తడి రెట్టింపయింది. చెమటను బయటకు పంపే కృత్రిమ దారపు సాక్సులు కాని, సన్నని ఉన్ని కలిసిన సాక్సులు కాని ఒక్క జత వేసుకోండి. వేళ్ల దగ్గర కుట్టు ఉబ్బెత్తుగా లేనివి చూసుకోండి. ఆట మధ్య విరామంలో మార్చుకోవడానికి మరో పొడి జత సంచిలో ఉంచుకోండి.

ఇక బూట్లు. పరుగు బూట్లను ఒకే దిశలో, ముందుకు సాగే కదలిక కోసం తయారుచేస్తారు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. మీ ఆటలో పక్కకు దూకడం, హఠాత్తుగా ఆగడం, ఒక పాదంపై తిరగడం ఎక్కువ. అలాంటప్పుడు మెత్తని ఎత్తు మడమ పక్కకు ఒరుగుతుంది, పాదం బూటు లోపల జారుతుంది. జారిన ప్రతిసారీ ఆ పైన చెప్పిన లాగుడు జరుగుతుంది. నెట్‌బాల్ కోసం కాని, ఇండోర్ కోర్టు ఆటల కోసం కాని తయారైన బూట్లలో పక్కల గట్టి ఆధారం, నేలకు దగ్గరగా వెడల్పైన అడుగు ఉంటాయి.

కొనేటప్పుడు సాయంత్రం వేళ వెళ్లండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. మ్యాచ్‌లో వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడండి. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ పొడవైన వేలు చాలామందికి బొటనవేలే అయినా కొందరికి రెండవ వేలు. మడమ మాత్రం లోపల పైకీ కిందికీ ఆడకూడదు. బూటును చేతుల్లోకి తీసుకొని వంచండి. అది వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడిమధ్య వంగితే తిరిగి అక్కడే పెట్టేయండి. అంగడిలోనే ఒక పక్కకు దూకి, ఆగి, తిరిగి చూడండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి, ఆ బూట్లలో ఆడవలసినది మీరే.

అడుగుభాగం పట్టు విషయంలో ఒక హెచ్చరిక ఉంది. పట్టు ఎంత ఎక్కువైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. కానీ తిరిగేటప్పుడు పాదం నేలకు అతుక్కుపోతే ఆ మెలి అంతా మోకాలిపై పడుతుంది. చెక్క నేలకు తగిన అడుగు వేరు, ఆరుబయట గరుకు నేలకు తగిన అడుగు వేరు. మీరు ఎక్కువగా ఎక్కడ ఆడుతారో దాన్ని బట్టి ఎంచుకోండి. తిరిగేటప్పుడు మడమను కొంచెం లేపి మునిగాలిపై తిరగడం నేర్చుకుంటే మోకాలికీ చర్మానికీ కూడా భారం తగ్గుతుంది.

లేచిన బొబ్బ చిన్నదైతే దాన్ని పొడవకండి, మెత్తని పట్టీ వేసి వదిలేయండి. పెద్దదై నడవనివ్వకపోతే, చేతులనూ చర్మాన్నీ శుభ్రం చేసుకొని, క్రిమిరహితమైన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు పోనివ్వవచ్చు. పై చర్మాన్ని మాత్రం ఊడదీయకూడదు. దానికి మించిన కట్టు లేదు. చుట్టూ ఎరుపు వ్యాపించినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యులకు చూపించాలి. మధుమేహం ఉన్నవారు మాత్రం బొబ్బను ఇంట్లో పొడిచే ఆలోచనే చేయవద్దు. వారు మొదటి రోజే వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఆట ముగిశాక మడమ నొప్పితో కుంటుతూ వస్తోంది. దెబ్బ ఏమీ తగలలేదు. ఎదిగే వయసులో ఇది మామూలేనని ఊరుకోవచ్చునా? – ఒక తల్లి

జవాబు: ఎదుగుదలకు సంబంధించినదే అయి ఉండవచ్చు, అయినా ఊరుకోకూడదు. సుమారు ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య, మడమ ఎముక వెనుక భాగంలో ఇంకా గట్టిపడని ఎదుగుదల పొర ఉంటుంది. పిక్క కండరాలను మడమకు కలిపే బలమైన నరంలాంటి తాడు సరిగ్గా అక్కడే అతుక్కొని ఉంటుంది. ఎముక త్వరత్వరగా పెరిగే కాలంలో పిక్క కండరం బిగుసుకొని, గట్టి నేలపై దూకినప్పుడల్లా ఆ పొరను లాగుతుంది. వైద్యులు దీనిని సీవర్స్ వ్యాధి అంటారు. పేరు వినడానికి పెద్దదిగా ఉన్నా ఎదుగుదల పూర్తయ్యేసరికి తగ్గిపోయేదే, శాశ్వతమైన హాని చేయదు.

మడమను ఇరుపక్కల నుంచి వేళ్లతో నొక్కినప్పుడు నొప్పి అంటే దీనినే ముందుగా అనుమానిస్తారు. అయినా ఒకసారి వైద్యులతో నిర్ధారించుకోండి. ముఖ్యంగా రాత్రివేళ నొప్పి, వాపు, జ్వరం వంటివి ఉంటే ఆలస్యం చేయవద్దు. ఆటను పూర్తిగా మాన్పించవలసిన అవసరం తరచుగా రాదు. దూకుళ్లను తగ్గించి, వారంలో ఆడే రోజులను కుదించి, మడమ కింద మెత్తని పట్టీ పెట్టించి, పిక్కలను మెల్లగా సాగదీసే వ్యాయామం చేయిస్తే చాలావరకు కుదుటపడుతుంది. అమ్మాయి కుంటుతున్న రోజున మాత్రం మైదానంలోకి పంపకండి. జట్టులో తన స్థానం పోతుందేమోనని పిల్లలు నొప్పిని దాచిపెడతారు కాబట్టి, ఆట ఎలా జరిగిందని అడిగే ముందు కాలు ఎలా ఉందని అడగండి.

ప్రశ్న: బంతి కోసం ఎగిరి మరొకరి పాదంపై దిగాను, చీలమండ లోపలికి మడతపడింది. పది రోజులైంది, వాపు తగ్గింది. ఎప్పుడు ఆడవచ్చు? – గోల్ డిఫెన్స్

జవాబు: వాపు తగ్గడం ఒక్కటే ఆడడానికి అనుమతి కాదు. ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేవి చీలమండ, మోకాలు. బెణికిన చీలమండ సరిగా కోలుకోకుండా ఆడితే మళ్లీ మళ్లీ బెణకడం దాని స్వభావంగా మారిపోతుంది. పాదం లోపలికి మడతపడినప్పుడు బయటివైపు లిగమెంట్లు, అంటే ఎముకలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే పట్టీలు, సాగుతాయి లేదా చిరుగుతాయి. వాటితోపాటు, పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే స్పర్శ కూడా మందగిస్తుంది. వాపు పోయినా ఈ స్పర్శ వెంటనే తిరిగిరాదు. రెండవసారి మడతపడడానికి కారణం ఎక్కువగా ఇదే.

బెణికిన వెంటనే చేయవలసినది మిగతా పాఠకుల కోసం చెబుతాము. ఆట ఆపి, కాలును గుండెకన్నా ఎత్తులో ఉంచి, సాగే పట్టీతో మరీ బిగుతు కాకుండా చుట్టి, గుడ్డలో చుట్టిన మంచును పదిహేను ఇరవై నిమిషాల పాటు, కొన్ని గంటలకు ఒకసారి పెట్టాలి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మర్దన వద్దు. బెణికిన కాలితో నాలుగు అడుగులైనా వేయలేకపోయినా, చీలమండకు ఇరువైపులా పొడుచుకు వచ్చిన ఎముకలపై కాని, పాదం బయటి అంచు మధ్యన కాని నొక్కితే ఎముక మీదే నొప్పి ఉన్నా, ఎముక విరిగిందేమో చూడడానికి ఎక్స్‌రే తీయించాలి. మీకు అప్పుడు అలా ఉండి, ఇంతవరకు తీయించకపోతే ఈ రోజే వెళ్లండి.

తరువాత మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి. ముందు నొప్పి లేకుండా వేగంగా నడవగలగాలి. ఆ తరువాత దెబ్బతిన్న కాలి మీద మాత్రమే నిలబడి, మడమను ఎత్తి దించడం బాగున్న కాలితో చేసినన్నిసార్లు చేయగలగాలి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలిపై నిలబడండి, అది కుదిరాక కళ్లు మూసుకొని నిలబడండి, అయితే పట్టుకోవడానికి గోడ దగ్గరలో ఉండాలి. తరువాత తిన్నగా పరుగు, ఆ తరువాత దిశ మార్చే పరుగు, ఆపైన ఎగిరి రెండు పాదాలతో దిగడం, చివరగా ఎగిరి ఒంటి పాదంతో దిగడం. ఏ మెట్టు దగ్గర నొప్పి కాని, భయం కాని కలిగినా, దాని కింది మెట్టుకు వెళ్లి మరి కొన్ని రోజులు ఆగండి. భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోమని ఎందుకు చెబుతున్నామంటే, నమ్మకం లేని కాలిని కాపాడుకుంటూ దిగేవారు బాగున్న మోకాలిని గాయపరచుకుంటారు. తిరిగి ఆడే మొదటి నెలలలో చీలమండకు బ్రేస్ (కీలుకు ఆధారమిచ్చే తొడుగు) వేసుకోవడం కాని, తెలిసినవారి చేత టేప్ చుట్టించుకోవడం కాని మళ్లీ బెణకకుండా చాలావరకు ఆపుతుంది. అది వ్యాయామానికి బదులు మాత్రం కాదు.

గాయపడనివారు కూడా దిగే పద్ధతిని నేర్చుకోవాలని ఆస్ట్రేలియా నెట్‌బాల్ సంస్థ మోకాలి గాయాల నివారణకే ప్రత్యేకంగా ఒక శిక్షణక్రమాన్ని రూపొందించింది. ఇటువంటి శిక్షణలో దిగే తీరుకు పెద్ద పీట ఉంటుంది. మోకాలు, తుంటి వంచి మెత్తగా దిగాలి. మోకాలు లోపలికి ఒరగకుండా పాదం వేళ్ల దిశలోనే ఉండాలి. వీలైనప్పుడల్లా రెండు పాదాలతో దిగాలి. మొదటి ప్రశ్నకు జవాబులో చెప్పిన నియమం దృష్ట్యా కూడా ఇది మేలైనది. రెండు పాదాలతో దిగినవారికి ఏ పాదం కదపాలో ఎంచుకునే స్వేచ్ఛ మిగులుతుంది.

ప్రశ్న: కాలి బొటనవేలి గోరు నల్లబడింది. వేళ్ల సందుల్లో దురద కూడా ఉంది. ఈ రెంటికీ సంబంధం ఉందా? – సెంటర్‌గా ఆడే పాఠకుడు

జవాబు: లేదు. గోరు నల్లబడడం, హఠాత్తుగా ఆగినప్పుడు వేలు బూటు కొసకు గుద్దుకొని గోరు కింద రక్తం చేరడం వల్ల జరుగుతుంది. గోళ్లను పొట్టిగా, మూలలు గుండ్రంగా కోయకుండా తిన్నగా కత్తిరించండి. మడమ జారకుండా బూటు పైరంధ్రం వరకు లేసు బిగించండి. నొప్పి పోటుగా ఉంటే వైద్యులు గోరుకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసివేస్తారు, ఆ పని ఇంట్లో చేయవద్దు. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా వచ్చి, గోరుతో పాటు ముందుకు జరగని నల్లచారను తప్పక చూపించాలి. దురద సాధారణంగా శిలీంధ్రం వల్ల వస్తుంది. స్నానం తరువాత వేళ్ల సందులను పూర్తిగా ఆరబెట్టి, శిలీంధ్రనాశక లేపనాన్ని దురద తగ్గిన తరువాత కూడా చెప్పినన్ని రోజులు రాయండి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు. ఒకే జత బూట్లను తడి ఆరకుండా మరునాడు తొడగవద్దు.

ప్రశ్న: గోల్‌కు విసిరేటప్పుడు మా షూటర్ ముందుకు వంగి, దిగిన పాదాన్ని గాలిలోకి ఎత్తుతుంది. అప్పుడు నేను దూరాన్ని ఎక్కడి నుంచి కొలుచుకోవాలి? – గోల్ కీపర్

జవాబు: ఆ పాదం ఎత్తడానికి ముందు నేలపై ఆని ఉన్న చోటు నుంచి. ఆమె రెండవ పాదం మీ వైపు ఎంత దగ్గరకు వచ్చినా మీరు వెనుకకు జరగనవసరం లేదు. మీరు 0.9 మీటర్ల దూరంలో స్థిరంగా నిలబడి ఉంటే, చేతులు పైకి చాచి ముందుకు వంగే హక్కు మీకు ఉంటుంది. బంతిని ఆపడానికి ఎగరవచ్చు కూడా. అయితే ఎగిరి ఆ దూరం లోపల దిగి ఆమె విసరడానికి అడ్డమైతే అది తప్పే. కాబట్టి పైకి ఎగరండి, ముందుకు కాదు. ఆమె ఎత్తిన పాదం తిరిగి నేలను తాకేటప్పటికి బంతి ఇంకా చేతిలోనే ఉంటే, ఆ తప్పు ఆమెది, ఫ్రీ పాస్ మీ జట్టుది.